అందరూ వచ్చాక

మొన్న పక్కింటివాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ కోడలు వచ్చినవాళ్ళకు వచ్చినట్టు బొట్టు పెడుతూ, ఎవరో చూసుకోకుండా నా నుదుటి మీద కూడా వేలు ఆనించింది. తడి కుంకుమ చల్లగా తగిలింది. "అయ్యో, మీరు పెట్టుకోరు కదండీ ఆంటీ" అని నాలుక కరుచుకుంది. "ఫర్వాలేదమ్మా, ఉండనీ" అన్నాను. మా అమ్మ బొట్టు పెట్టుకోలేదు, అమ్మమ్మా పెట్టుకోలేదు. రేపల్లెలో మా వీధి వీధంతా లూథరన్ చర్చివాళ్ళమే. భోజనం చేసి ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి చీర చెంగుతో తుడుచుకోబోయాను. చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది. అలాగే అద్దంలోకి చూసుకుంటూ, "నా పేరు కరుణ. మాది రేపల్లె. నేను బాగానే ఉన్నాను" అని పైకే అన్నాను. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన, "నా పేరు జయరాజు. మాది బాపట్ల. నేనూ బాగానే ఉన్నాను" అని అక్కణ్ణుంచే జవాబిచ్చారు.

వయసు మీద పడ్డ దంపతుల చాదస్తం అనుకోకండి. ఈ మూడు మాటలూ మాకు అలవాటు చేసిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు దేవసహాయం మాస్టారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. పుస్తకాల్లోకి ఎక్కే మనిషి కాదు, పేపర్లో ఫోటో పడిన మనిషీ కాదు. రేపల్లెలో ఒక హైస్కూల్లో సోషలు చెప్పేవారు. పొట్టి మనిషి, తెల్లచొక్కా, చేతికి పెద్ద వాచీ. బడిలో గంట కొట్టే అటెండరు గోడగడియారం చూడడం మానేసి, ఆయన వరండాలోకి వచ్చినప్పుడు గంట కొట్టేవాడని చెప్పుకునేవారు. టైము తప్పితే ఆయనకు ఒళ్ళు మండేది. ఒకసారి మా నాటకాల జట్టులో ఒకడు టీ తాగి వస్తానని తెనాలి స్టేషన్లో దిగి ఆలస్యం చేస్తే, బండి కదిలాక కిటికీలోంచి వాడికి చెయ్యి ఊపి, వాడి వేషం తనే వేశారు. మంచివారే గాని, మెత్తటివారు మాత్రం కాదు.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు తెనాలి పరిషత్తుల్లో ఆడేవారు. పరిషత్తు అంటే నాటకాల పోటీలు. రాత్రి మొదలైతే ఒకదాని తర్వాత ఒకటి తెల్లవార్లూ సాగేవి. ఆయన పాలేరు వేషం వేసిన నాటకానికి ఒక ఏడు షీల్డు వచ్చిందట. ఆయన తండ్రి వ్యవసాయ కూలీ. కొడుకు ఆట చూడాలని రేపల్లె నుంచి బండెక్కి తెనాలి వచ్చి, హాల్లో వెనకాల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వీళ్ళ నాటకం వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. పగలంతా నాట్లు వేసి వచ్చిన మనిషి, అప్పటికే నిద్రపోయాడు. మళ్ళీ తెల్లారి నాట్లకే వెళ్ళాలి. పొద్దున్నే బండిలో కొడుకు పక్కన కూర్చుని, "మన మీదే ఆడావంటగా అబ్బాయ్. బాగుందన్నారు" అన్నాడట. ఈ సంగతి మాస్టారు మాకు ఒకే ఒక్కసారి చెప్పారు. చెప్పి, "షీల్డు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ మాట మాత్రం ఇక్కడే ఉంది" అని గొంతు మీద చెయ్యి పెట్టుకున్నారు.

తండ్రి పోయాక, ఎనభైల్లో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బడి వరండాలో మా చర్చి కుర్రకారుని కూర్చోబెట్టి సంఘం పెట్టారు. 'పొద్దు నాటక సంఘం' అని పేరు రాయించి రిజిస్టరు చేయించారు గాని, ఆ పేరుతో మమ్మల్ని పిలిచినవాళ్ళు లేరు. ఆయన పెట్టిన కట్టుబాట్లు తక్కువే. టిక్కెట్టు ఉండదు. పోటీల కోసం నాటకం కట్టం. ఎవరి మీద నాటకం ఆడతామో ముందు వాళ్ళ ముందే ఆడతాం, వాళ్ళు చూశాకే ఇంకెక్కడైనా. ఆట సాయంత్రం నాలుగింటికి మొదలు, చీకటి పడేలోగా అయిపోవాలి. "దీపాలుండవు, తెరలుండవు, రంగులుండవు. పగటి వెలుగులో మొహానికి రంగు పూసుకుంటే పగటివేషగాళ్ళం అనుకుని బియ్యం వేస్తారు" అన్నారు. ఎవరూ లాభం తీసుకోని సంఘమని ఆయన అంటే, "తీసుకుందామన్నా ఏదండీ?" అని జయరాజు నవ్వించాడు. అప్పట్లో జయరాజు బాపట్ల వ్యవసాయ కాలేజీలో గుమాస్తా. నాకు అతను ఏమీ కాడు. అందుకే ఇక్కణ్ణుంచి ఏకవచనంలోనే రాస్తాను, ఏమీ అనుకోరు.

మా ఆటలు పేటల్లోనూ పొలాల గట్ల మీదా ధాన్యం మిల్లుల ముందరా సాగేవి. ఊళ్ళవాళ్ళు మమ్మల్ని 'నాలుగింటోళ్ళు' అన్నారు. ఆ నాలుగు గంటల కట్టుబాటే లేకపోతే నేను నాటకంలో ఉండేదాన్నే కాదు. అప్పుడే నాకు తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రాత్రిళ్ళు నాటకాలాడే ఆడవాళ్ళ గురించి లోకం ఏమనేదో నాకు తెలుసు, మా నాన్నకు ఇంకా బాగా తెలుసు. మాస్టారు మా ఇంటికొచ్చి, నాన్న వేయించిన కుర్చీలో కూర్చుని, "నాలుగింటికి మొదలెడతామండి. సాయంత్రం బండికి మీ అమ్మాయి ఇంట్లో ఉంటది. లేటయితే నన్నడగండి" అన్నారు. నాన్న వాచీ వంక చూసి ఒప్పుకున్నారు. ఆయన వాచీ వంక కాదు, మాస్టారి వాచీ వంక.

రేపల్లెవాళ్ళకీ బాపట్లవాళ్ళకీ తెనాలి నడుమ పడుతుంది కాబట్టి రిహార్సళ్ళు తెనాలిలో. నిజానికి సగం నాటకం రేపల్లె ప్యాసింజర్లోనే నేర్చుకున్నాం. పాలకేన్లవాళ్ళూ, కూరగాయల గంపలవాళ్ళూ మా మొదటి ప్రేక్షకులు. నేను గొంతు పెంచి మాట చెబుతుంటే మాస్టారు, "ఎవరికి చెబుతున్నావమ్మా?" అని అడిగేవారు. "జనానికండి" అనేదాన్ని. "జనం అనేవాళ్ళు నాకెక్కడా కనబళ్ళేదు. అదుగో, గంప పక్కన కూర్చున్నావిడ కనబడుతోంది. ఆవిడకి చెప్పు." ఆవిడకు చెప్పేదాన్ని. ఆవిడ వినకపోతే ఆ మాట మళ్ళీ చెప్పించేవారు. ఇంట్లో నేను ఐదుగురిలో నాలుగోదాన్ని. ఆఫీసులో ఫైళ్ళ వెనకాల మనిషిని. నా మాట ఒకరు వినేదాకా బండి దిగనివ్వని మనిషిని అప్పటిదాకా చూళ్ళేదు. వారమంతా ఆ ఒక్క సాయంత్రం కోసం ఎదురు చూసేదాన్ని.

ఇక అసలు సంగతి. సంఘం పెట్టిన కొన్నేళ్ళకు మాస్టారు సూర్యలంక దగ్గర చేపలు పట్టే పల్లెకారుల మీద నాటకం రాశారు. సెలవులన్నీ ఆ పల్లెలో గడిపి, వాళ్ళ నోట విని రాసింది. తుఫాను హెచ్చరిక ఉన్నా పడవ యజమాని పోరు పడలేక సముద్రం మీదికి వెళ్ళిన ఒక మనిషి కథ. చివర్లో అతని శవాన్ని ఒడ్డుకు తెస్తారు. దుప్పటి కింద శవం జయరాజు. పెళ్ళాం నేను. శవాన్ని చూసి, లేచి, నుదుటి బొట్టు తుడుచుకోవాలి. మా సంఘంలో అందరం చర్చివాళ్ళమే. బొట్టు పెట్టుకోవడం నాకు వేషం, తుడుచుకోవడమూ వేషమే. నుదుట ఉన్నది పోతే ఏమవుతుందో వినడం వేరు. దాన్ని రోజూ మోసే వాళ్ళకు అది ఏమిటో మాలో ఒక్కరికీ ఒంటికి తెలియదు. రిహార్సల్లో మాస్టారు, "జనం వైపు కాదమ్మా, సముద్రం వైపు తిరిగి తుడుచుకో. దాన్ని అడుగుతున్నట్టుండాలి" అన్నారు. మాకందరికీ అది ఎంతో బాగుందనిపించింది.

ఆట రోజు ఇసుకలో చాప పరిచేసరికి ఆడవాళ్ళు, పిల్లలు వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికే రావాల్సిన పడవలు రాలేదు. "వస్తయ్యి లెండి" అన్నారెవరో. మాస్టారు వాచీ చూసుకున్నారు. నాలుగయింది. "మొదలెడదాం. మగాళ్ళు మధ్యలో వచ్చి కలుస్తారు" అన్నారు. ఆట బాగానే నడిచింది. యజమాని వేషగాణ్ణి ఆడవాళ్ళు తిట్టారు కూడా. కాని పొద్దు వాలుతున్నకొద్దీ వాళ్ళు మా వైపు తక్కువగా, నీళ్ళ వైపు ఎక్కువగా చూస్తున్నారు. అది మాకెవరికీ తట్టలేదు. శవం వచ్చింది. నేను లేచి, సముద్రం వైపు తిరిగి, అరచేత్తో బొట్టు తుడిచేశాను.

జనంలోంచి ఒకావిడ లేచి మా చాప మీదికి వచ్చేసింది. నల్లగా, ఎముకలు తేలి, బిగువైన మనిషి. పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. నా మణికట్టు పట్టుకుంది. "ఏంటమ్మాయ్ నువ్వు చేసిన పని? పడవలింకా నీళ్ళ మీదే ఉన్నయ్యి" అంది. ఆ చెయ్యి వణుకుతోంది. తన నుదుటి కుంకుమ బొటనవేలితో తీసి నా నుదుటి మీద గట్టిగా అద్ది, "ఉండనీ" అంది. అప్పుడు ఆవిడ వెనక ఉన్న ఆడవాళ్ళందరూ లేచి, పిల్లల్ని చంకనేసుకుని నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడ్డారు. చాప దగ్గర మేమే మిగిలాం. దుప్పటి కింద జయరాజు ఇంకా శవంలాగే పడున్నాడు. జనం వెళ్ళిపోయారని చెప్పి లేపాల్సి వచ్చింది.

లేచాక జయరాజుకు కోపం వచ్చింది. "బొట్టు తుడిస్తే పడవలు మునుగుతాయా మాస్టారూ? పాఠాలు చెప్పే మనిషి, మీరే చెప్పండి."

"మునగవు" అన్నారు మాస్టారు.

"మరి? ఇలాంటివాటికి లొంగితే మనం నాటకాలాడడం ఎందుకు?"

"ఆవిడ చెయ్యి వణికింది. చూశావా?"

"నేను దుప్పటి కింద ఉన్నాగా."

"నేను చూశాను. అది నాటకం కాదోయ్. నాలుగవగానే మొదలెట్టమంది నేను. సముద్రం వైపు తిరగమందీ నేనే. భయపెట్టింది మనం కాబట్టి, అది తీరేదాకా ఇక్కడే కూర్చుందాం. నీకు పనుంటే వెళ్ళు."

జయరాజు వెళ్ళలేదు. గొణుక్కుంటూ కూర్చున్నాడు. మేమూ ఆడవాళ్ళకు ఎడంగా ఇసుకలో కూర్చున్నాం. బాపట్ల బస్సు వెళ్ళిపోయింది. మాస్టారు ఎన్నిసార్లు వాచీ చూసుకున్నారో. పడవలు మునగవని నాకూ తెలుసు. తెలిసి కూడా, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. నుదుటి మీద ఆవిడ అద్దిన కుంకుమను తాకడానికి ధైర్యం చాలలేదు.

మునిమాపు వేళ మొదటి తెరచాప కనబడింది. ఒడ్డున ఎవరూ కేరింతలు కొట్టలేదు. పడవ దగ్గరికొచ్చేకొద్దీ అందులోంచి ఒక్కో గొంతు కేకేసి చెబుతోంది: "నేను ఫలానా." ఒడ్డు మీద ఒక్కొక్క ఆడమనిషి భుజాలు దిగుతున్నాయి. ఆలస్యమైన పడవలో మనిషి, కాళ్ళు ఒడ్డుకు తగలక ముందే పేరు చెప్పుకోవాలి. అది అక్కడి అలవాటు. అన్ని పడవలూ వచ్చాయి. గాలి పడిపోవడం వల్ల ఆలస్యమైందట. పోలమ్మ తన మనిషి వెంట వల పట్టుకుని పోతూ మా దగ్గర ఒక్క క్షణం ఆగి, "వచ్చారు. ఇంక పొండి" అంది. బాపట్ల దాకా నడిచాం. మర్నాడు పొద్దున మాస్టారే నన్ను ఇంటి దగ్గర దింపి, లేటు తన వల్లేనని నాన్నతో చెప్పారు.

ఆ నాటకం సంగతి ఎలా పాకిందో, తెనాలి పరిషత్తు పెద్దలు ఇద్దరు రేపల్లె వచ్చారు. "ఈసారి మీరు ఆడాలి మాస్టారూ. బహుమతి మీకే వచ్చినట్టు లెక్క" అన్నారు. మాస్టారు కాఫీలు ఇప్పించి, "ఆ నాటకం ఇంకా పూర్తి కాలేదండి" అన్నారు.

"పూర్తి కాకపోవడమేంటండి? చివరి సీను అదిరిందని చెప్పారే."

"చూడాల్సినవాళ్ళు చివరిదాకా చూళ్ళేదండి. వాళ్ళు చూశాక వస్తాం."

వాళ్ళు వెళ్ళాక సంఘంలో రభస అయింది. ఆ పల్లెవాళ్ళు మళ్ళీ రానిస్తారా, వాళ్ళ కోసం మంచి నాటకాన్ని మురగబెట్టుకుంటామా అని. ఇద్దరు మంచి నటులు తెనాలిలో వేరే సమాజంలో చేరిపోయారు. మాస్టారు ఎవరినీ బతిమాలలేదు. "వాళ్ళు చివరిదాకా చూడకపోతే ఈ నాటకం లేదు. ఇది లేకపోతే, ఎవరి మీద ఆడతామో వాళ్ళ ముందే ఆడతామన్న మాట అబద్ధం. ఆ మాట అబద్ధమైతే సంఘం ఎందుకు? మూసేద్దాం" అన్నారు. ఆయన అన్నారంటే చేస్తారు. నాకు ఏడుపొచ్చింది. సంఘం పోతే నేను మళ్ళీ ఫైళ్ళ వెనక మనిషినే. పెంకి మనిషని ఆయన్ని మనసులో చాలా తిట్టుకున్నాను. ఒకరోజు బండిలో ఆ మాట పైకే అనేశాను. ఆయన కోపగించలేదు. "మా నాన్న పోయాడు కాబట్టి ఆయనకి మళ్ళీ ఆడి చూపించలేనమ్మా. వీళ్ళున్నారుగా" అన్నారు.

తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అవగానే ఆయన సూర్యలంక బయల్దేరేవారు. ఆటకు అనుమతి అడగలేదు, క్షమాపణ ఉపన్యాసం ఇవ్వలేదు. వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గర కూర్చుని వచ్చేవారు. మొదట్లో పలకరించేవాళ్ళే లేరు. తర్వాత తర్వాత "మళ్ళీ వచ్చావా సారూ" అనే దాకా వచ్చింది. ఒక వారం నన్నూ జయరాజునూ కూడా తీసుకెళ్ళారు. ఆ రోజు పోలమ్మే ఎదురొచ్చి, "ఇంతకీ ఆ కథ ఏమైద్ది సారూ చివరికి?" అని అడిగింది. మాస్టారు ఇసుకలో బాసింపట్టు వేసుకుని మొదటి నుంచి చివరిదాకా నోటితో చెప్పారు. నలుగురూ చేరారు. బొట్టు తుడుచుకునే చోట కూడా ఆపకుండా, గొంతు తగ్గించి చెప్పారు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

అయ్యాక పోలమ్మ ఒళ్ళోని ఇసుక దులుపుకుంది. "కథలో తప్పు లేదు. జరిగిందేగా. మా అన్న అట్టాగే పోయాడు" అంది. తర్వాత జయరాజు వైపు గడ్డం ఎత్తి, "ఈ పిల్లోడిది తప్పు" అంది.

"నేనేం చేశానండీ?" అన్నాడు జయరాజు.

"చచ్చినోడివి చచ్చినట్టే పడున్నావు. మేము ఇళ్ళకు పొయ్యి ఎట్టా పడుకోవాల? లేవాల. లేచి, మావోళ్ళు చెప్పినట్టు పేరు చెప్పాల. ఏ ఊరో చెప్పాల. బాగానే ఉన్నానని చెప్పి అప్పుడు పోవాల."

జయరాజు నోరు తెరిచాడు. శవం లేచి పేరు చెబితే అప్పటిదాకా ఆడింది గంగలో కలిసినట్టే గదా అని అతని బాధ. మాస్టారు అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు. "చెబుతాడండి" అన్నారు. "మళ్ళీ ఎప్పుడు ఆడమంటారు? నాలుగింటికే మొదలెట్టేస్తాం."

"నాలుగు మాకేం తెలుసు సారూ. అందరూ వచ్చాక ఆడు" అంది పోలమ్మ.

మాస్టారు వాచీ వంక చూసుకున్నారు. తర్వాత దాన్ని విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన చెయ్యి వాచీ లేకుండా నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఎండాకాలంలో పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు వెళ్ళి ఆడాం. మగవాళ్ళందరూ ముందు వరసలో కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎవరి మనిషి వెనక వాళ్ళు. ఒకాయన చుట్ట కోసం ఇంటికెళితే ఆయన తిరిగొచ్చేదాకా మొదలుపెట్టలేదు. అప్పటికి అయిదు దాటింది. మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. సముద్రం వైపు తిరిగి బొట్టు తుడుచుకున్నాను. ఎవరూ లేవలేదు. ఏడుపులు వినబడ్డాయి. ఆట ముగిశాక జయరాజు దుప్పటి తీసి లేచి నిలబడ్డాడు. "నా పేరు జయరాజు. మాది బాపట్ల. నేను బాగానే ఉన్నాను" అన్నాడు. అప్పుడు వాళ్ళు నా వైపు చూశారు. నేనూ చెప్పాను. ఒకరి తర్వాత ఒకరం అందరం చెప్పాం. పోలమ్మ వచ్చి నాకు మళ్ళీ బొట్టు పెట్టి, "ఈ పిల్లోణ్ణి చేసుకో. చచ్చి బతికినోడు, ఇంక భయం లేదు" అంది. ఏడాది తిరక్కుండా రేపల్లె చర్చిలో అతన్నే చేసుకున్నాను. విధవనయ్యాక ఆయన్ని పెళ్ళాడానని ఇప్పటికీ బంధువుల దగ్గర మేలమాడతాను. ఇక్కణ్ణుంచి మళ్ళీ బహువచనం.

ఆ తర్వాత తెనాలి వెళ్ళి ఆడాం. చివర్లో శవం లేచి ఊరు పేరు చెప్పేసరికి హాల్లో కొందరు నవ్వారు. రసభంగమైందని పెద్దలు నొచ్చుకున్నారు. బహుమతి రాలేదు. స్టేషన్లో మాస్టారు అందరికీ బఠాణీలు కొనిపెట్టి, ఇంతకుముందు కన్నా బాగుందన్నారు. అప్పటినుంచీ మా ఏ నాటకంలోనైనా పోయిన మనిషి లేచి పేరు చెప్పాల్సిందే. నాలుగు గంటల కట్టుబాటు పోయి 'అందరూ వచ్చాక' అయింది. జనం మాత్రం మమ్మల్ని నాలుగింటోళ్ళనే పిలిచారు.

తొంభైలు నడిచేకొద్దీ ఇంటింటికీ టీవీ వచ్చింది, మాలో చాలామందికి బదిలీలయ్యాయి, ఆటలు తగ్గాయి. ఆ దశాబ్దం చివర్లో మాస్టారు పోయారు. గుండె. పొద్దున కుర్చీలో కూర్చుని ఉండగానే. మర్నాడు సమాధి కార్యక్రమం సాయంత్రం నాలుగింటికని చర్చివాళ్ళు చెప్పారు. సమాధుల తోటలో జనం నిండారు, మేము ఆడిన పేటలవాళ్ళు, మిల్లుల దగ్గరివాళ్ళు. నాలుగయింది. పాస్టరుగారు పుస్తకం తెరిచారు. నేను ఆయన దగ్గరికెళ్ళి, "సూర్యలంకవాళ్ళు ఇంకా రాలేదండి. అందరూ వచ్చాక మొదలుపెడదామండి" అన్నాను. పెద్దల మధ్యకు వెళ్ళి అలా చెప్పే మనిషిని కాదు నేను. ఆయన నా మొహం చూసి పుస్తకం మూశారు. అందరం నిలబడి ఎదురుచూశాం. ఎవరూ విసుక్కోలేదు.

వాళ్ళు రెండు బస్సులు మారి వచ్చారు. పోలమ్మ బాగా వంగిపోయింది, ఎవరి భుజమో పట్టుకుని నడుస్తోంది. ప్రార్థన అయింది, పాట అయింది, మట్టి వేశాం. పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పి పక్కకు తప్పుకున్నారు. అయినా పల్లెల జనం కదలరు. మా ఆటల్లో చాప చుట్టూ చేరినట్టే నిలబడి ఉన్నారు. పాస్టరుగారికి అర్థం కాక నా వైపు చూశారు.

పోలమ్మ నన్ను చూసి, "ఇంకా పేరు చెప్పలేదేంటమ్మాయ్" అంది.

నాకు అర్థమైంది. జయరాజు తల దించుకున్నారు. నేను ముందుకెళ్ళి, ఎవరికి చెప్పాలో చూసుకుని, ఆవిడకే చెప్పాను. "ఆయన పేరు దేవసహాయం" అన్నాను. "ఆయనది రేపల్లె" అన్నాను. మూడో మాట నోటికి రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఏడుస్తూ నిలబడిపోయాను.

పోలమ్మ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి వణకలేదు. "బాగానే ఉన్నాడులే" అంది, వెనక ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా. "పదండి, బస్సుకి టైమైంది."

అప్పుడు జనం కదిలారు. ఇప్పుడు మా చర్చిలో సండే స్కూలు పిల్లలకు నేనే నాటికలు నేర్పుతాను. చచ్చిపోయిన వేషం ఎవరిదైనా సరే, లేచి పేరు, ఊరు చెప్పందే టిఫిన్ ప్యాకెట్టు ఇవ్వను. ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం ఆగుతాను. సమయపాలన లేదని పెద్దలు విసుక్కుంటారు. విసుక్కోనీ. మొన్నటి కుంకుమ తుడవలేదు, అలాగే పడుకున్నాను. పొద్దున లేచేసరికి దిండు మీద కాస్త రాలి ఉంది, కాస్త నుదుటి మీదే ఉంది.